శిక్ష పడ్డాక దొరికిన సాక్ష్యం: అప్పీలు కోర్టు ముందుంచే పద్ధతి

క్రిమినల్ అప్పీలు పెండింగులో ఉండగా ముద్దాయి కుటుంబ సభ్యులు ఒక కాగితమో, ఫోనులో ఒక వీడియోనో, అప్పటిదాకా నోరు విప్పని ఒక సాక్షి పేరో పట్టుకొని న్యాయవాది ఆఫీసుకు రావడం తరచుగా జరిగేదే. ఇది ముందే చూసి ఉంటే జడ్జిగారు శిక్ష వేసేవారు కాదన్నది వారి నమ్మకం. ఆ నమ్మకం నిజమే కావచ్చు. అయితే అప్పీలు అంటే కేసును మొదటి నుంచి మళ్లీ విచారించడం కాదు. కింది కోర్టులో నమోదైన వాంగ్మూలాలు, మార్కు చేసిన పత్రాలు, ఎం.ఓ.లుగా (మెటీరియల్ ఆబ్జెక్టులుగా) చేర్చిన వస్తువులు, తీర్పు, వీటి మీదే పై కోర్టు పరిశీలన సాగుతుంది. ఆ హద్దు దాటి అదనపు సాక్ష్యాన్ని స్వీకరించడానికి చట్టం ఇచ్చిన అధికారం పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 391 కింద ఉండేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది సెక్షన్ 432 అయింది. ఆ తేదీ నాటికే పెండింగులో ఉన్న అప్పీళ్లు సంహితలోని సెక్షన్ 531 ప్రకారం పాత కోడ్ కిందే నడుస్తాయి కనుక, పిటిషన్ మీద ఏ సెక్షన్ వేయాలో ముందు అప్పీలు దాఖలైన తేదీ చూసుకొని తేల్చుకోవాలి. చట్టం పేరు చెప్పకుండా కింద ఇచ్చే సెక్షన్లు ఈ సంహితలోవే.

సెక్షన్ పాఠం చాలా చిన్నది. అదనపు సాక్ష్యం అవసరమని అప్పీలు కోర్టు భావిస్తే, కారణాలు రాసి, ఆ సాక్ష్యాన్ని తానే తీసుకోవచ్చు లేదా మేజిస్ట్రేటు చేత తీసుకునేలా ఆదేశించవచ్చు; అప్పీలు కోర్టు హైకోర్టు అయితే సెషన్స్ కోర్టును కూడా ఆదేశించవచ్చు. మాటల్లో ఇంత విశాలంగా కనిపించే ఈ అధికారాన్ని కోర్టులు ఆచరణలో పొదుపుగానే వాడుతున్నాయి. తెచ్చిన సాక్ష్యం నిజమైనదా కాదా అన్నది తరువాతి సంగతి. ఇన్నాళ్లూ ఇది ఎక్కడుంది, తీర్పులోని ఏ నిర్ణయాన్ని ఇది కదిలిస్తుంది అన్న రెండు ప్రశ్నలకు పిటిషన్‌లో సూటిగా జవాబు ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. కింద చెప్పే పనులన్నీ ఆ రెండు జవాబులను సిద్ధం చేసుకోవడానికే.

1. ముందు అప్పీలును గడువులోగా వేయండి

అప్పీలు బతికి ఉంటేనే అదనపు సాక్ష్యం ప్రశ్న వస్తుంది. మేజిస్ట్రేటు కోర్టు వేసిన శిక్ష మీద అప్పీలు సాధారణంగా సెషన్స్ కోర్టుకు వెళ్తుంది. సెషన్స్ కోర్టు వేసిన శిక్ష మీద, లేదా ఏడేళ్లకు మించిన జైలు శిక్ష మీద హైకోర్టుకు వెళ్తుంది. లిమిటేషన్ చట్టం ప్రకారం హైకోర్టు అప్పీలుకు 60 రోజులు, ఇతర కోర్టులకు 30 రోజులు గడువు. మరణశిక్ష పడితే హైకోర్టుకైనా 30 రోజులే. గడువు దాటితే అదే చట్టంలోని సెక్షన్ 5 కింద ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు. కొత్త సాక్ష్యం పూర్తిగా చేతికొచ్చాక అప్పీలు వేద్దామని ఎదురు చూడటం తెలివైన పని కాదు. అప్పీలు వేసి, శిక్ష నిలుపుదలకు, బెయిలుకు సంహిత సెక్షన్ 430 కింద పిటిషన్ జత చేసి, సాక్ష్యం వెతుకులాట ఆ తరువాత కొనసాగించుకోవచ్చు.

తీర్పు కాపీని ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలని సెక్షన్ 404 చెబుతుంది. జైల్లో ఉన్న వ్యక్తి సెక్షన్ 424 కింద జైలు సూపరింటెండెంటు ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12 కింద ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గానీ, హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీలో గానీ, 15100 నంబరులో గానీ అడగవచ్చు.

2. తీర్పు చివరి పేరా చదివి, వస్తువులను కాపాడండి

ఈ పనిని చాలామంది మరిచిపోతారు, అందుకే రెండో స్థానంలో పెడుతున్నాను. సెషన్స్ కోర్టు తీర్పు అడుగున, శిక్ష వివరాల తరువాత, ఫలానా నంబర్ల ఎం.ఓ.లను అప్పీలు గడువు ముగిశాక ధ్వంసం చేయాలి అని ఒక వాక్యం ఉంటుంది. రక్తపు మరకల చొక్కా, కత్తి, గోళ్ల కత్తిరింపులు, సీలు వేసిన సీసాలు, అన్నీ ఆ ఒక్క వాక్యం కిందికి వస్తాయి. రేపు డీఎన్‌ఏ పరీక్ష మళ్లీ చేయించాలన్నా, వేలిముద్రను మరో నిపుణుడికి చూపించాలన్నా ఆ వస్తువు ఉండాలి కదా. అప్పీలు దాఖలైన సంగతి కింది కోర్టు ప్రాపర్టీ విభాగానికి చేరకపోతే అవి చెత్తలో కలిసిపోయే ప్రమాదం ఉంది. వస్తువుల పరిష్కార ఉత్తర్వును అప్పీలు పెండింగులో ఉండగా అమలు చేయకూడదని సెక్షన్ 498 చెబుతున్నా, దాని మీద ఆధారపడి ఊరుకోకుండా, అప్పీలుతో పాటే వస్తువులను, నమూనాలను భద్రపరచాలని కోరుతూ ఒక పిటిషన్ వేయాలి. డీఎన్‌ఏ నమూనాల విషయంలో 2025 జూలైలో తమిళనాడు నుంచి వచ్చిన ఒక మరణశిక్ష కేసులో ముద్దాయిని విడుదల చేస్తూ సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. కేసు, అప్పీలు పెండింగులో ఉన్నంత కాలం ఆ ప్యాకెట్లను ట్రయల్ కోర్టు అనుమతి లేకుండా విప్పడం, మార్చడం, తిరిగి సీలు వేయడం కూడదని అందులో ఉంది.

ఎలక్ట్రానిక్ రికార్డులకు ఆయుష్షు ఇంకా తక్కువ. కాల్ వివరాలను టెలికాం కంపెనీలు కనీసం రెండేళ్లు ఉంచాలన్నది 2021 డిసెంబరు నుంచి ఉన్న లైసెన్సు షరతు. అది దాటాక ఉంటాయన్న హామీ లేదు. దుకాణాల సీసీ కెమెరా దృశ్యాలు వారాల్లోనే చెరిగిపోతాయి. పోలీసు స్టేషన్ కెమెరాల రికార్డింగును 18 నెలలు ఉంచే ఏర్పాటు ఉండాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది కనుక, ఒప్పుకోలు ప్రకటన రాయించుకున్న తేదీనో, అరెస్టు వేళనో ప్రశ్నించదలచినవారు ఆ గడువును గుర్తుంచుకొని రాతపూర్వకంగా అడగాలి.

3. అసలు కొత్త సాక్ష్యం అవసరమో కాదో తేల్చుకోండి

నెగ్గిన అప్పీళ్లలో ఎక్కువ భాగం పాత రికార్డు మీదే నెగ్గుతాయి. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో 2007 డిసెంబరులో ఒక విద్యార్థిని అత్యాచారానికి, హత్యకు గురైన కేసు తెలుగువారందరికీ గుర్తుండే ఉంటుంది. అలాంటి కేసుల్లో బాధితురాలి పేరు రాయకూడదన్నది చట్టం కనుక ఇక్కడా రాయడం లేదు. ఆ కేసులో 2010లో శిక్ష పడిన యువకుడిని 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. హైకోర్టు చేసింది కొత్త సాక్షిని పిలవడం కాదు. ప్రాసిక్యూషన్ పెట్టిన సాక్ష్యాన్నే తిరిగి తూచి, అది నిలబడదని చెప్పింది.

కాబట్టి తీర్పును పక్కన పెట్టుకొని, శిక్షకు దారితీసిన నిర్ణయాలను పేరా నంబర్లతో సహా ఒక కాగితం మీద రాసుకోవాలి. ప్రత్యక్ష సాక్షి నమ్మదగినవాడు అని ఏ పేరాలో అన్నారు, చివరిసారి కలిసి కనిపించారన్న ఆధారాన్ని ఎక్కడ నమ్మారు, ఆయుధం రికవరీ పంచనామాను ఏ కారణంతో ఒప్పుకున్నారు అన్నది విడివిడిగా కనిపించాలి. ప్రతి నిర్ణయం ఎదురుగా, రికార్డులో ఉన్నదానితోనే దాన్ని కొట్టవచ్చా లేక బయటి సాక్ష్యం కావాలా అన్నది రాయాలి. ఈ పని చేశాక కొన్నిసార్లు మన చేతిలోని కొత్త కాగితం తీర్పులోని ఏ పేరానూ తాకదని తేలుతుంది. అప్పుడు దాన్ని వేయకపోవడమే మేలు. బలమైన అప్పీలుకు బలహీనమైన అదనపు సాక్ష్యం పిటిషన్‌ను తగిలిస్తే, రికార్డు మీద తమకే నమ్మకం లేదన్న సంకేతం మనమే ఇచ్చినట్లవుతుంది.

4. చేతిలో ఉన్నది ఏ రకమైనదో గుర్తించండి

కోర్టులు అన్ని కొత్త సాక్ష్యాలనూ ఒకే కంటితో చూడవు.

అన్నిటికంటే గట్టిగా నిలిచేది ప్రాసిక్యూషన్ దగ్గరే ఉండి బయటికి రాని సాక్ష్యం. మహారాష్ట్రలో 2003 నాటి ఒక కేసులో ట్రయల్ కోర్టు ఆరుగురికి మరణశిక్ష వేసింది; హైకోర్టు ముగ్గురికి దాన్ని జీవిత ఖైదుగా తగ్గించినా, 2009లో సుప్రీంకోర్టు ఆరుగురికీ మరణశిక్షే ఖాయం చేసింది. ప్రత్యక్ష సాక్షి పోలీసు రికార్డులోని ఫోటోల నుంచి వేరే నలుగురిని గుర్తించిందని, ఆ సంగతిని ప్రాసిక్యూషన్ కోర్టు ముందు పెట్టలేదని రివ్యూ దశలో స్పష్టమై, 2019 మార్చి 5న ఆరుగురూ విడుదలయ్యారు. ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు చెల్లించాలని కూడా కోర్టు ఆదేశించింది. దర్యాప్తు అధికారి సేకరించి కూడా ఆధారపడని వాంగ్మూలాల, పత్రాల జాబితాను ముద్దాయికి ఇవ్వాలన్న సూత్రం 2021 నాటి సుప్రీంకోర్టు ముసాయిదా నిబంధనల్లో చేరి, 2022లో మధ్యప్రదేశ్‌కు చెందిన మనోజ్ కేసు తీర్పులో మరింత బలపడింది. ఆ జాబితా ట్రయల్‌లో ఇచ్చారా లేదా అన్నది మొదట చూసుకోవలసిన విషయం. ఎందుకంటే దాచిన కాగితాన్ని ముందే ఎందుకు తేలేదని ముద్దాయిని అడిగే నైతిక హక్కు ప్రాసిక్యూషన్‌కు ఉండదు.

రెండోది వయసు. నేరం జరిగిన నాటికి 18 ఏళ్లు నిండలేదన్న వాదనను ఏ దశలోనైనా, కేసు పూర్తిగా ముగిసిపోయాక కూడా లేవనెత్తవచ్చని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 9 స్పష్టంగా చెబుతుంది. ఆలస్యానికి సంజాయిషీ అక్కర్లేని కొత్త సాక్ష్యం బహుశా ఇదొక్కటే. పుణెలో 1994లో జరిగిన హత్యల కేసులో మరణశిక్ష పడి, అన్ని దశల్లోనూ ఓడిపోయిన ఒక వ్యక్తి, రాజస్థాన్‌లోని తన ఊరి పాఠశాల రిజిస్టర్ ఆధారంగా, నేరం నాటికి తన వయసు 12 ఏళ్ల 6 నెలలేనని నిరూపించుకున్నాడు. పుణె ప్రిన్సిపల్ జిల్లా జడ్జి చేత విచారణ జరిపించి, 2023 మార్చి 27న సుప్రీంకోర్టు అతన్ని విడుదల చేసింది. అప్పటికి 28 ఏళ్ల జైలు జీవితం గడిచిపోయింది. కేసు కాగితాల్లో ఒక పేరు, బడి రిజిస్టర్‌లో మరో పేరు ఉండటం వల్ల ఆ ఇద్దరూ ఒకరే అని రుజువు చేయడం అక్కడ పెద్ద పనైంది. మన పల్లెల్లో పిలుపు పేరు ఒకటి, బడి పేరు ఒకటి ఉన్నవారికి ఇది ఇప్పుడే సరిచూసుకోవలసిన విషయం. అదే జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94 ప్రకారం బడి సర్టిఫికెట్టుకు లేదా మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్టుకు మొదటి స్థానం, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రానికి రెండో స్థానం. ఎముకల పరీక్ష అవేవీ లేనప్పుడే.

శాస్త్రీయ పరీక్షల సంగతి మధ్యస్థంగా ఉంటుంది. ట్రయల్ నాటికి ఆ పరీక్ష అందుబాటులో లేకపోతే పిటిషన్‌కు బలం. అందుబాటులో ఉండి అడగకపోతే బలహీనత. అన్నిటికంటే అనుమానంగా చూసేది మనసు మార్చుకున్న సాక్షిని. ట్రయల్‌లో ప్రమాణం చేసి ఒక మాట చెప్పి, శిక్ష పడ్డాక నోటరీ అఫిడవిట్ మీద ఇంకో మాట చెప్పే సాక్షిని బెదిరించో, డబ్బిచ్చో తిప్పుకున్నారని కోర్టు మొదటగా అనుకుంటుంది. పైగా అబద్ధపు సాక్ష్యం కింద అతని మీద సెక్షన్ 379 చర్య మొదలయ్యే అవకాశం ఉంటుంది కనుక, అతనికి సొంత న్యాయ సలహా దొరికేలా చూడకుండా మన ఆఫీసులో కూర్చోబెట్టి సంతకం పెట్టించుకోవడం ఎవరికీ క్షేమం కాదు. ఊరి పెద్దల మధ్య రాజీ కుదిరిందన్న కాగితం అయితే సాక్ష్యమే కాదు. రాజీకి వీలున్న నేరాలకు సెక్షన్ 359 దారి వేరే ఉంది.

5. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదో సిద్ధం చేయండి

పిటిషన్లు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే, అందుకే దీని మీద ఎక్కువ సమయం పెట్టాలి. 2011లో సిక్కిం నుంచి వచ్చిన అశోక్ త్సెరింగ్ భూటియా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన కొలమానమే ఇప్పటికీ నడుస్తోంది: తగిన శ్రద్ధ చూపినా ఆ సాక్ష్యం తేలేకపోయి ఉండాలి, లేదా ఆ విషయం తరువాతే వెలుగులోకి వచ్చి ఉండాలి. 2024 జనవరిలో గుజరాత్‌కు చెందిన ఒక చెక్ బౌన్స్ కేసులో అదే కొలమానంతో ముద్దాయి ఓడిపోయాడు. చెక్కు మీది సంతకం తనది కాదని, చేతిరాత నిపుణుడికి పంపాలని అతను అప్పీలులో కోరాడు. బ్యాంకు అధికారి సాక్షిగా వచ్చినప్పుడు సంతకం గురించి ఒక్క ప్రశ్న అడగలేదని, బ్యాంకులోని నమూనా సంతకం ధ్రువీకృత నకలు తెచ్చుకునే దారి ఉన్నా వాడుకోలేదని ఎత్తిచూపి కోర్టు తిరస్కరించింది.

ఒక కల్పిత ఉదాహరణతో దీన్ని దగ్గర నుంచి చూద్దాం. పల్నాడులోని ఒక పల్లెలో రాత్రిపూట హత్య జరిగింది. ముద్దాయి ఆ రాత్రి గుంటూరు మిర్చి యార్డులో హమాలీగా పని చేస్తున్నానంటాడు. శిక్ష పడిన రెండేళ్లకు అతని తమ్ముడు యార్డు గేటు రిజిస్టర్ నకలు, ఒక కమిషన్ కొట్టు కాటా చీటీ తెచ్చాడు. మొదటి చూపులో ఇది గొప్ప సాక్ష్యం. అయితే పబ్లిక్ ప్రాసిక్యూటర్ మొదటగా వేసే ప్రశ్న ఒకటే: ఆ రాత్రి తాను ఎక్కడున్నాడో ముద్దాయికి తొలిరోజు నుంచీ తెలుసు కదా, మరి ముద్దాయి పరీక్షలో, అంటే పాత సెక్షన్ 313, కొత్త సెక్షన్ 351 కింద అడిగినప్పుడు, ప్రతి ప్రశ్నకూ అబద్ధం అని మాత్రమే ఎందుకు జవాబిచ్చాడు? తాను వేరేచోట ఉన్నానన్న వాదనకు ఈ ఇబ్బంది ఎప్పుడూ వెన్నంటే ఉంటుంది. అందులో కొత్తది సంగతి కాదు, దాని రుజువు మాత్రమే.

కాబట్టి అఫిడవిట్‌లో రాయవలసింది రిజిస్టర్ ఎంత స్పష్టంగా ఉందన్నది కాదు. దర్యాప్తు అధికారిని క్రాస్ చేసినప్పుడు, అంటే ఎదురు ప్రశ్నలు వేసినప్పుడు, యార్డు సంగతి సూచనగా వేశారా, వేస్తే ఏ పేజీలో ఉంది. బెయిలు పిటిషన్‌లో ఆ మాట ఉందా. రిజిస్టర్ తెప్పించమని ట్రయల్ కోర్టులో పిటిషన్ వేశారా, వేస్తే దాని నంబరు, ఫలితం ఏమిటి. కొట్టు యజమాని అప్పట్లో ఇవ్వననడానికి కారణమేమిటి, ఇప్పుడు ఇవ్వడానికి ఏమి మారింది. ఎవరు, ఏ తేదీన, ఎవరిని అడిగి ఈ కాగితం సంపాదించారు. వీటికి తేదీలతో జవాబులు ఉండాలి. పాత బెయిలు పిటిషన్‌లో గుంటూరు యార్డు అన్న రెండు మాటలు దొరికినా, ఇది శిక్ష పడ్డాక పుట్టిన కథ కాదని చెప్పడానికి ఆ రెండు మాటలు రిజిస్టర్ అంత విలువైనవి.

పాత న్యాయవాది తప్పు చేశారన్న కారణం ఒక్కటే సాధారణంగా చాలదు. ముద్దాయి జైల్లో ఉన్నాడు, చదువు లేదు, కాగితం ఎవరి దగ్గర ఉందో తెలుసుకునే వీలు లేదు, న్యాయ సహాయ న్యాయవాది ఒక్కసారీ జైలుకు వెళ్లి మాట్లాడలేదు, ఇలాంటి వాస్తవాలను జైలు ములాఖత్ రిజిస్టర్ వంటి ఆధారంతో చూపితే దానికి బరువు వస్తుంది. అంతేగాని పాత న్యాయవాది మీద ఆరోపణలు గుప్పిస్తే కోర్టు విసుగు చెందడం తప్ప ప్రయోజనం ఉండదు.

6. సాక్ష్యాన్ని రుజువు చేయగల రూపంలోకి తేండి

జిరాక్సు కాగితం జత చేసి పిటిషన్ వేయడం సర్వసాధారణమైన లోపం. పత్రం అయితే దాన్ని ఎవరు రాశారు, ఎవరి కస్టడీలో ఉంది, ఎవరు కోర్టుకు వచ్చి మార్కు చేయిస్తారు అన్నది పిటిషన్‌లోనే ఉండాలి. ప్రభుత్వ రికార్డులకు ధ్రువీకృత నకళ్లు తీసుకోవాలి. సమాచార హక్కు చట్టం కింద అడిగేటప్పుడు, విషయం వ్యక్తి ప్రాణానికి లేదా స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లో సమాచారం ఇవ్వాలన్న సెక్షన్ 7 నిబంధనను దరఖాస్తులో పేర్కొనాలి.

వీడియో, వాయిస్ రికార్డింగు, వాట్సాప్ సందేశాలు అయితే సర్టిఫికెట్టు తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిట్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అప్పట్లో అది సాక్ష్యాధారాల చట్టం సెక్షన్ 65బి. ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 63. కొత్త నమూనాలో రెండు భాగాలు ఉంటాయి: పరికరం ఎవరి చేతిలో ఉందో వారు ఒకటి, నిపుణుడు రెండోది నింపాలి, ఫైలు మారలేదని సరిచూసుకోవడానికి పనికొచ్చే హ్యాష్ విలువ రాయాలి. ఫోను మార్చేసి, పాతది అమ్మేసి, వీడియోను నలుగురికి ఫార్వర్డ్ చేసి ఉంచితే ఈ సర్టిఫికెట్టు ఇవ్వగలవారే మిగలరు. అసలు రికార్డు చేసిన ఫోనును వాడటం ఆపి, ఉన్నదున్నట్లు దాచిపెట్టండి.

7. పిటిషన్ రాయడం, వాదించడం

సెషన్స్ కోర్టులో అయినా హైకోర్టులో అయినా ఇది అప్పీలులో వేసే మధ్యంతర పిటిషన్. అఫిడవిట్, సాక్షుల జాబితా, ఒక్కొక్క సాక్షి ఏ విషయం చెబుతారో రెండు మూడు వాక్యాలు, పత్రాల జాబితా, తీర్పులోని ఏ పేరాను ఏ పత్రం తాకుతుందో చూపే పట్టిక, చివర స్పష్టమైన ప్రార్థన ఉండాలి. సాక్ష్యాన్ని ఏ కోర్టు నమోదు చేయాలని కోరుతున్నారో కూడా రాయండి. న్యాయం కోసం అవసరం అన్న అరిగిపోయిన వాక్యం కంటే, ఈ రిజిస్టర్ నిజమైతే తీర్పు 34వ పేరాలోని నిర్ణయం నిలవదు అన్న ఒక్క వాక్యం ఎక్కువ పని చేస్తుంది.

ఎదుటి పక్షం నుంచి వచ్చే మొదటి అభ్యంతరం, ఇది కేసులోని లోటును పూడ్చుకోవడానికి వేసిన పిటిషన్ అని. 2001లో రాంభావ్ కేసులో సుప్రీంకోర్టు ఈ అధికారం లోపాలు పూడ్చుకోవడానికి కాదని అంటూనే, న్యాయం దెబ్బతినకుండా చూడటానికే ఉందని కూడా చెప్పింది. ఆ రెండు వాక్యాల మధ్య ఎక్కడ నిలబడతామన్నదే వాదన అంతా.

ఇంకో మాట తప్పక గుర్తుంచుకోవాలి: ఈ తలుపు రెండు వైపులా తెరుచుకుంటుంది. 1987లో మోహన్‌లాల్ పోర్వాల్ కేసులో, బంగారం నాణ్యతపై టంకశాల అధికారి నివేదికకు సంబంధించిన అదనపు సాక్ష్యానికి ప్రాసిక్యూషన్‌కు అవకాశం ఇచ్చి ఉండాల్సిందని సుప్రీంకోర్టు అన్నది. ముద్దాయి కొత్త డీఎన్‌ఏ పరీక్ష అడిగి, అది అతనికే వ్యతిరేకంగా వస్తే, ఆ నివేదికను వెనక్కి తీసుకునే వీలు ఉండదు. అడిగే ముందు క్లయింటుతో ఒంటరిగా, కుటుంబ సభ్యులు లేనప్పుడు, ఈ సంగతి మాట్లాడటం న్యాయవాది బాధ్యత.

సెషన్స్ కోర్టు పిటిషన్‌ను కొట్టేస్తే హైకోర్టులో సెక్షన్ 528 కింద సవాలు చేయవచ్చు. హైకోర్టు కొట్టేస్తే రాజ్యాంగం 136వ అధికరణం కింద సుప్రీంకోర్టు మిగులుతుంది. తుది తీర్పుతో కలిపి సవాలు చేయడమా, ఇప్పుడే వెళ్లడమా అన్నది ముద్దాయి జైల్లో ఉన్నాడా బెయిలు మీద ఉన్నాడా అన్నదాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

8. అనుమతి వచ్చాక సాక్ష్యం నమోదు

హైకోర్టు సాధారణంగా తానే సాక్షిని విచారించదు. సాక్ష్యం నమోదు చేసి, ధ్రువీకరించి, గడువులోగా పంపమని ట్రయల్ కోర్టును ఆదేశిస్తుంది. ఆ సమయంలో హాజరయ్యే హక్కు ముద్దాయికి, అతని న్యాయవాదికి ఉంది. సాక్షిని ప్రాసిక్యూటర్ క్రాస్ చేస్తారు, అదీ మామూలు క్రాస్ కంటే కటువుగా, ఎందుకంటే ఇన్నేళ్ల మౌనమే ఆయనకు పెద్ద ఆయుధం. అదనపు సాక్ష్యం ప్రాసిక్యూషన్ తెచ్చినదైతే, దానికి జవాబు చెప్పుకొనే అవకాశం, ఎదురు సాక్ష్యం పెట్టుకునే అవకాశం అడిగి రికార్డు చేయించుకోవాలి. రాజస్థాన్‌కు చెందిన ఆత్మారామ్ కేసులో ముద్దాయిలు లేకుండానే 12 మంది సాక్షుల విచారణ జరిగిపోగా, మొత్తం కేసును మళ్లీ నడపకుండా, ఆ 12 మందిని మాత్రమే ముద్దాయిల ఎదుట మళ్లీ విచారించమన్న హైకోర్టు ఆదేశాన్ని 2019లో సుప్రీంకోర్టు సమర్థించింది. పూర్తి పునర్విచారణ అరుదైన సందర్భాల్లోనే అని 1963లో ఉఖా కోల్హే కేసు నుంచీ వస్తున్న మాట. కాబట్టి పునర్విచారణే కావాలని పట్టుబట్టే ముందు, ఆ ఇద్దరు ముగ్గురు సాక్షులు చాలరా అని ఆలోచించండి.

9. తుది వాదన, ఆ తరువాత

సాక్ష్యం ధ్రువీకరించి తిరిగి వచ్చాక అప్పీలు కోర్టు సెక్షన్ 427 కింద శిక్షను రద్దు చేయవచ్చు, తక్కువ నేరంగా మార్చవచ్చు, పునర్విచారణకు పంపవచ్చు, లేదా ఉన్నదే ఖాయం చేయవచ్చు. ఇక్కడ ముద్దాయి తన నిర్దోషిత్వాన్ని రుజువు చేయాల్సిన అవసరం లేదు. పాత రికార్డుతో కలిపి చూసినప్పుడు సహేతుకమైన సందేహం పుడితే చాలు, వాదనను ఆ మేరకే ఉంచండి. మరణశిక్ష కేసుల్లో ధ్రువీకరణ సమయంలోనే హైకోర్టు అదనపు విచారణ చేయించే ప్రత్యేక అధికారం సెక్షన్ 408లో ఉంది. దాన్ని వేరుగా ప్రస్తావించాలి.

అప్పీలు ముగిసిపోయాక సాక్ష్యం దొరికితే దారి ఇరుకు. సంతకం చేసిన తీర్పును అక్షర దోషాల మేరకు తప్ప క్రిమినల్ కోర్టు మార్చకూడదని సెక్షన్ 403 అంటుంది కనుక, హైకోర్టు తన తీర్పును తానే పునఃసమీక్షించదు. సుప్రీంకోర్టులో ప్రత్యేక అనుమతి పిటిషన్, 137వ అధికరణం కింద రివ్యూ, రివ్యూ కూడా ఓడాక వేసే, 2002 నాటి రూపా అశోక్ హుర్రా తీర్పుతో వచ్చిన క్యూరేటివ్ పిటిషన్, క్షమాభిక్ష దరఖాస్తు, ఇవే మిగిలినవి. ఇంగ్లండులో 1997 నుంచి పనిచేస్తున్న క్రిమినల్ కేసుల పునఃపరిశీలన కమిషన్ వంటి స్వతంత్ర సంస్థ మన దగ్గర లేదు. తప్పుడు ప్రాసిక్యూషన్లకు పరిహారం ఇచ్చే చట్టం కావాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫారసు చేసినా, అలాంటి ప్రత్యేక చట్టం రాలేదు. అందుకే పరిహారం కోరదలచినవారు రాజ్యాంగ కోర్టుల రిట్ అధికారం మీద ఆధారపడవలసి వస్తోంది.

విడుదల ఉత్తర్వు వచ్చిన రోజే దాని కాపీ జైలుకు చేరిందో లేదో స్వయంగా కనుక్కోండి. ఇతర వారెంట్లు పెండింగులో ఉంటే ఆ రాత్రికి విడుదల ఆగిపోతుంది. తీర్పు ధ్రువీకృత నకళ్లు నాలుగైదు తీసుకొని, ఒకటి సంబంధిత పోలీసు స్టేషన్‌లో రసీదుతో ఇచ్చి, రౌడీ షీటు, సస్పెక్టు షీటు తెరిచి ఉంటే మూసేయమని దరఖాస్తు పెట్టండి. ప్రభుత్వ ఉద్యోగి అయితే శిక్ష కారణంగా వచ్చిన తొలగింపు ఉత్తర్వును పునఃపరిశీలించమని శాఖాధిపతికి వెంటనే రాయాలి. కట్టిన జరిమానాను తిరిగి ఇవ్వమని ట్రయల్ కోర్టులో వేరే పిటిషన్ వేయాలి.